జారీ అయిన తేదీ

మైదానంలో ఆపిన వ్యాను కిటికీ మీద ఎవరో వేలితో తట్టారు.

లోపల పొయ్యి మీద బీన్స్ కలుపుతున్న గ్లెనిస్ గరిటె చేతిలో పట్టుకునే తెర జరిపింది. బయట వానలో తడిసిన కోటుతో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు.

"సముద్రం దాటుతున్నారామ్మా?"

"ఫ్రాన్సుకి. ఇంకో మూడు వారాల్లో." ఆ మాట చెప్పకుండా ఉండటం ఆమె వల్ల కాదు. ఉత్తరాలు ఇచ్చేవాడికి కూడా చెప్పేసింది.

"మీ పాస్‌పోర్టులు ఒక్కసారి చూపిస్తారా?"

"ఎందుకు? మీరు పోలీసా?"

"కాదమ్మా. పోనీ నాకు చూపించొద్దు, మీరే చూసుకోండి. గడువు ఎప్పుడు తీరుతుందో కాదు, ఎప్పుడిచ్చారో..."

"నాది నవంబరు దాకా ఉంది. మా ఆయన తిండి మాడిపోతోంది, వెళ్ళిరండి." గ్లెనిస్ తెర లాగేసింది.

పరుపు మీంచి డెరిక్ అడిగాడు. "ఎవరే?"

"ఎవడో. ఇవాళ పాస్‌పోర్టు చూపించమంటాడు, రేపు బ్యాంకు పుస్తకం చూపించమంటాడు."

"పెద్దాయన్ని వానలో నిలబెట్టి తోలేశావా?"

"నువ్వు నోరు తెరువు." ఆమె చెంచాతో బీన్స్ పెట్టింది.

డెరిక్ చేతులు పోయిన చలికాలమే చెంచాని వదిలేశాయి. ఇప్పుడు కాళ్ళ వంతు. డాక్టరమ్మ ఏమీ దాచలేదు. జూన్ తొమ్మిదిన తిండి పెట్టడానికి పొట్టలోకి గొట్టం వేస్తామంది. ఆ తర్వాత ఆసుపత్రికి దూరంగా పోవడం కుదరదంది. "దానికి ముందు పధ్నాలుగు రోజులు మాత్రం మీవి," అంది.

ముప్ఫై ఒక్క ఏళ్ళు టాంటన్ ఊరి వీధుల్లో పాలబండి నడిపిన మనిషికి ఉన్నది ఒక్కటే కోరిక. జీవితమంతా రోడ్డుకి ఎడమపక్కనే పోయాడు. ఒక్కసారి ఫ్రాన్సులో లాగా కుడిపక్కన పోతే ఎలా ఉంటుందో చూడాలి.

అందుకే వండుకుని పడుకోవడానికి వీలున్న ఈ వ్యాను. అందుకే అరవై నాలుగేళ్ళ వయసులో గ్లెనిస్ ఇంత పెద్ద బండి నేర్చుకుంది. సముద్రం దాటే ముందు ఊరి దగ్గర్లో రెండు రోజులు ఉండి చూసుకోమని అందరూ చెప్పారు. ఏది కారుతుందో, ఏది ఊడుతుందో ముందే తెలుస్తుందట. ఏదీ కారలేదు. ఏదీ ఊడలేదు.

మూడు వారాలు గడిచాయి.

శనివారం ఉదయం ప్లిమత్ రేవులో ఓడ ఎక్కడానికి వ్యాన్లన్నీ బారులు తీరాయి. పక్క వరుసలోని వాళ్ళు ముక్కూ మొహం తెలియకపోయినా చెయ్యి ఊపారు. వ్యాన్ల వాళ్ళకి అది ఆచారం. గ్లెనిస్ డెరిక్ చేతిని పైకెత్తి తనే ఊపింది.

"దిగగానే కుడిపక్క. మర్చిపోకు," అన్నాడు డెరిక్.

"పొద్దుట్నుంచీ పదిసార్లు చెప్పావు."

"భయమేస్తే కళ్ళు మూసుకో."

"నడిపేది నేను."

"అందుకే చెప్తున్నా."

వాళ్ళ వంతు వచ్చింది. తనిఖీ గది కిటికీలోని అమ్మాయి డెరిక్ పాస్‌పోర్టు చూసి తిరిగిచ్చేసింది. గ్లెనిస్‌ది మాత్రం ఇవ్వలేదు. మళ్ళీ తిప్పి చూసింది.

"అమ్మా, ఇది ఎప్పుడు తీసుకున్నారు?"

"పదేళ్ళ కిందట. మొదటిది ఖాళీగానే పోయింది. దాని గడువు ఇంకా తీరకముందే వెళ్ళి ఇది తెచ్చుకున్నా. అంతలో మా అమ్మకి పక్షవాతం వచ్చింది. చూడు, దీంట్లోనూ ఒక్క ముద్ర లేదు."

"ముందే మార్చుకున్నారని పాతదాంట్లో మిగిలిన తొమ్మిది నెలలూ దీనికి కలిపారు. అవతలి వాళ్ళు వాటిని ఒప్పుకోరమ్మా. అక్కడ కాలు పెట్టేనాటికి పాస్‌పోర్టు ఇచ్చి పదేళ్ళు నిండకూడదు. మీది పదేళ్ళ మూడు నెలలు."

"మరి ఆయనది?"

"ఆయనది సరిగ్గానే ఉంది."

సరిగ్గానే ఉంటుంది. ఏడేళ్ళ కిందట డెరిక్ తనదాన్ని ప్యాంటు జేబుతో సహా ఉతికేసి, మళ్ళీ కొత్తది తెచ్చుకున్నాడు. ఒక్కటైనా జాగ్రత్తగా దాచడం చేతకాదా అని గ్లెనిస్ అప్పుడు మూడు రోజులు సాధించింది.

"త్వరగా అయితే వారంలో కొత్తది ఇస్తారమ్మా."

"తర్వాత ఓడలో చోటుంటుందా?"

అమ్మాయి మీటలు నొక్కి చూసింది. "సెలవులు కదా. జూన్ పన్నెండు దాకా వ్యాన్లకి చోటు లేదు."

గ్లెనిస్ బండి దిగింది. రెండు చేతులతో కిటికీ అంచు పట్టుకుంది.

"తల్లీ, ఇరవై ఏళ్ళు బడి వంటశాలలో పనిచేశాను. ఎవర్నీ ఏదీ అడిగి ఎరగను. ఇదొక్కటి చూడనట్టు వదిలెయ్. ఆయన ప్రయాణం చెయ్యగలిగేది ఈ రెండు వారాలే."

"నేను వదిలినా అవతలి రేవులో ఆపేస్తారమ్మా. ఇదే ఓడలో వెనక్కి పంపుతారు."

"పోనీ ఆయన్ని ఒక్కణ్ణే పంపు."

"బండి ఎవరు నడుపుతారు?"

"నేను నడుపుతా," అన్నాడు డెరిక్ లోపలి నుంచి. "స్టీరింగు పళ్ళతో పట్టుకుంటా."

గ్లెనిస్ చేతులు కిటికీ అంచు మీదే ఉండిపోయాయి.

అమ్మాయి గొంతు తగ్గించి అడిగింది. "మీ దగ్గరికి ఒక పెద్దాయన రాలేదా? వ్యాన్లు ఆగే మైదానాలన్నీ తిరుగుతుంటాడు. టైముండగానే చూసుకోమని అందరికీ చెప్తుంటాడు."

గ్లెనిస్ వ్యాను వైపు తిరిగింది.

"వచ్చాడు," అన్నాడు డెరిక్. "వానలో వచ్చాడు."

"ఎవరాయన?" అని అడిగింది గ్లెనిస్.

అమ్మాయి పాస్‌పోర్టు మూసి, ఆమె చేతిలో పెట్టింది.

"పోయినేడు ఇదే కిటికీ దగ్గర ఆయన్ని నేనే వెనక్కి పంపానమ్మా. పక్క సీట్లో ఉన్న వాళ్ళావిడది సరిగ్గానే ఉంది, తప్పంతా ఆయన పాస్‌పోర్టులోనే. కొత్తది ఇంటికొచ్చిన రోజున ఆయన ఆవిడ్ని పాతిపెట్టి వచ్చాడు."