చేతుల లెక్క

“పదిహేనా? బేసిసంఖ్య ఎలా వస్తుందమ్మా?” పెద్దసారు కళ్ళజోడు తీసి బల్లమీద పడేశారు.

లెక్కలపిల్ల తెరమీది అంకెను మళ్ళీ చూసింది. మూడేళ్ళు రాత్రింబగళ్ళు కూర్చుని రాసిన ప్రోగ్రాం అది. ఈ రోజు పరీక్షలో గట్టెక్కితేనే పరిశోధన సాగుతుంది. లేకపోతే సీటు ఖాళీ చేయాల్సిందే.

చూడడానికి మాత్రం పరీక్ష చిన్నపిల్లల ఆటలా ఉంటుంది. తలుపు గడియ పెట్టి, కర్టెన్లు మూసి, లైట్లు ఆర్పేస్తారు. గదిలో ఉన్న ఏడుగురూ ఒక నిమిషం పాటు చీకట్లో తడుముకుంటూ, దొరికినవాళ్ళతో చేయి కలపాలి. ఎవరు ఎవరితో కలిపారో కంప్యూటర్‌కు కూడా తెలియదు. కుడి మణికట్టుకు కట్టిన పట్టీలు ఎన్నిసార్లు కలిపారో మాత్రమే చెబుతాయి. పేర్లు బయటపడకుండా అంటువ్యాధి ఎలా పాకుతుందో లెక్కగట్టడానికి ఇదంతా. ఇద్దరు చేతులు కలిపితే ఇద్దరి పట్టీల్లోనూ ఒక్కొక్కటి పెరుగుతుంది. అందుకే అన్ని పట్టీల మొత్తం ఎప్పుడూ సరిసంఖ్యే రావాలి. అది సిద్ధాంతం.

“సిద్ధాంతం తప్పదు. నీ ప్రోగ్రామే తప్పింది,” అన్నారు సారు.

“పట్టీ లేని చేయి కలిసినా బేసి వస్తుంది సార్,” గొణిగింది.

“అయితే గదిలో దయ్యముందంటావా?” సీనియర్ అన్నయ్య పగలబడి నవ్వాడు. “ఎవరో తొందరలో ఎడమచేయి ఇచ్చుంటార్లే!”

ల్యాబ్ అక్క నవ్వలేదు. “నాకు తగిలిన ఒక చేయి ఐసుముక్కలా ఉంది. ఏసీ వల్లేమో అనుకున్నా,” అంటూ అరచేతిని కోటుకు రుద్దుకుంది.

“ఇంకొక్కసారి సార్! ఈసారీ బేసి వస్తే నేనే వెళ్ళిపోతాను,” అంది లెక్కలపిల్ల.

“సరే.” సారు గది నాలుగు మూలలకూ వినబడేలా వెటకారంగా అన్నారు. “పట్టీ లేనివాళ్ళు ఇంకెవరైనా ఉంటే, బల్లమీది పెట్టెలో ఒక పట్టీ మిగిలింది. తీసి కట్టుకోండి బాబూ!”

లైట్లు ఆరాయి. అడుగుల చప్పుడు, ముసిముసి నవ్వులు, ఎక్కడో చిన్న క్లిక్కు. నిమిషం గడిచి లైట్లు వెలిగాయి.

తెరమీద పద్దెనిమిది.

“సరిసంఖ్య!” సారు ముఖం విప్పారింది. “వాడన్నట్టు ఇందాక ఎవరో ఎడమచేయే ఇచ్చుంటారు. బతికిపోయావు పో!”

అందరూ కబుర్లాడుకుంటూ తలుపు దగ్గరికి నడిచారు. లెక్కలపిల్లకు పోయిన ప్రాణం లేచివచ్చింది. పట్టీలు సర్దుదామని పెట్టె మూత తీసింది.

పెట్టెలో ఏమీ లేదు.

తలుపు దగ్గరున్న ఆరుగురి చేతులూ చూసింది. తన చేయీ చూసుకుంది. తలా ఒక్కటే పట్టీ.

అప్పుడే ఆమె కుడి అరచేతిలోకి ఏదో చల్లగా, మెత్తగా వచ్చి ఒదిగింది. పట్టీ టిక్కుమంది.

తెరమీద పద్దెనిమిది చెరిగిపోయి, ఇరవై పడింది.