మూడో మీట

బ్లెస్సన్ విడిభాగాలు తెప్పించి తానే బిగించుకున్న కీబోర్డు మీద రెండు మీటలు నొక్కి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. దజీజ్ పేటలో ఉన్న ఆఫీసుకి బయల్దేరే ముందు నా కొడుక్కి రోజూ ఇదే వరస.

"ఏంట్రా ఆ సగం పని?" అని అడిగాను.

"షార్ట్‌కటమ్మా. వరసగా మూడు నొక్కితే ఉత్తరం మొత్తం అదే టైపు చేసేస్తది. లోపల నేనే రాసిపెట్టేను. మధ్యలో సెకను ఆగితే రద్దు."

"ఏం ఉత్తరం?"

"రాజీనామా." నవ్వాడు. "మేనేజరు తిట్లు తినడానికి ఎళ్లేముందు రెండు నొక్కుతాను. కాస్త గాలాడుద్ది."

"మూడోదానికి దమ్ము లేదా?"

"నొక్కి పంపితే ఇఖామా ఖలాస్. ఆ నివాస పర్మిట్టు పోతే ఈ దేశంలో ఉండనివ్వరమ్మా."

సగంలో ఆపిన పని నాకు నచ్చదు. మూడో మీట ఏదో అడిగి తెలుసుకుని, "మళ్లీ నొక్కు" అన్నాను. వాడు రెండు నొక్కగానే మూడోది నేను నొక్కాను. ఉత్తరం గబగబా తెర నిండా పరుచుకుంది.

తప్పులు దిద్దుదామని కళ్లద్దాలు పెట్టుకున్నాను. భాషలో తప్పు లేదు. తేదీ మాత్రం నాలుగేళ్ల కిందటిది: 2014 మార్చి 14.

"ఇదేంట్రా?"

"రాసిన రోజమ్మా. మార్చలేదు."

ఆ తేదీ గుర్తుకు రావడానికి నేను డైరీ తిరగెయ్యక్కర్లేదు. ఆ సాయంత్రమే నరసాపురం నుంచి ఫోన్ చేసి, ఒంటరిగా ఉండలేను, నన్ను నీ దగ్గరికి తీసుకుపొమ్మని ఏడ్చాను. వాడి ఇఖామా మీదే నా ఇఖామా; వాడిది పోతే నాదీ పోతుంది.

కళ్లద్దాలు తీశాను.

"ముందు నాకు టికెట్ తియ్యి," అన్నాను. "ఆ టికెట్ తేదీ ఈ ఉత్తరంలో వెయ్యి."