అరవై మూడు పసుపు గీతలు

నొక్కిన ప్రతి గురుతూ నాలుగు పేజీలు తప్పి తెరుచుకుంటోంది. టైపిస్టు ఇంకోటి నొక్కి చూసింది. అదీ అంతే.

రెండువేల నూట నలభై పేజీల పీడీఎఫ్. హత్యానేరం మీద పదహారేళ్లుగా జైల్లో ఉన్న మనిషి కేసు అది. పసుపు రంగు గీసిన వాక్యాలు అరవై మూడు. ఇన్నేళ్ల తర్వాత నోటిమాట చెల్లదని, కాగితాల్లోంచే చూపించాలని లాయరు మొదటి రోజే ఆమెతో అన్నాడు. వాదనకు దొరికేది పావుగంట. పేజీలు వెతుకుతూ కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. అందుకే పక్క జాబితాలో పేరు నొక్కగానే పసుపు వాక్యం తెరమీదికి వచ్చేలా వారం రోజులు కూర్చుని చేసింది. ఈ పొద్దున లాయరు ఫైలు మొదట్లో నాలుగు పేజీల అర్జీ చేర్చాడు. ఆమె గురుతులన్నీ పేజీ నంబర్లకు కట్టినవి. అన్నీ గాడి తప్పాయి.

వాదన పదకొండుకి. ఇప్పుడు తొమ్మిదిన్నర.

"వదిలెయ్యమ్మా. పేజీలు తిప్పుకుంటూనే వాదిస్తాను," అన్నాడు లాయరు.

"ఇదే ఆఖరి అవకాశం అన్నారు కదండీ. గంటన్నర ఉంది. చేస్తాను."

ఈసారి పేజీ నంబర్ల జోలికి పోలేదు. పసుపు గీసిన వాక్యాన్నే పట్టుకుని, దానికే గురుతు కట్టి, పేరు పెట్టింది. ముందు ఎన్ని కాగితాలు చేరినా ఇక వాక్యం ఎక్కడుంటే అక్కడికే పోతుంది. ఒకటి, రెండు, మూడు. వేళ్లు కొంకర్లు పోతున్నాయి.

కోర్టు ఆవరణలోని ఆ లాయరు గదిలో, బల్ల పక్కన ఖైదీ తల్లి కూర్చుని ఉంది. పక్కింటి తొమ్మిదేళ్ల పిల్ల తమ ఇంటి కిటికీలోంచి వీధిలో జరిగిన హత్యను చూశానని సాక్ష్యం చెప్పిందట. ఆ ఒక్క మాటకే కొడుక్కి శిక్ష పడిందట. చెప్పి చెప్పి, ఆ పిల్ల నోరు పడిపోనూ అని శాపం పెట్టింది. టైపిస్టు అప్పటికి ముప్పై నాలుగో వాక్యం దగ్గరుంది.

"మావాడు నీకేమవుతాడని ఇంత తాపత్రయం, అమ్మాయ్?"

"ఏమీ కాడు పిన్నిగారూ."

పది యాభై ఎనిమిదికి ఆఖరి గురుతు పడింది.

కోర్టులో జడ్జిగారు సాక్షి ఏం చెప్పిందని అడిగారు. లాయరు నొక్కాడు, వాక్యం వచ్చింది. ఆ కిటికీ ఎటువైపు ఉందని అడిగారు. మళ్లీ నొక్కాడు. పోలీసులే గీసిన పటం తెరుచుకుంది. ఇంటికున్నది ఒకే కిటికీ, అదీ పెరటి గోడవైపు. అందులోంచి వీధి కనబడదు. పదహారేళ్లలో ఆ రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూసినవాళ్లు లేరు.

మధ్యాహ్నానికి శిక్ష రద్దయింది.

వరండాలో తల్లి ఏడుస్తూ టైపిస్టు చేతులు రెండూ కళ్లకద్దుకుంది. నా కడుపున పుట్టకపోయినా కూతురివేనంది. టైపిస్టు మెల్లగా చేతులు విడిపించుకుంది.

"ఆ పక్కింటి పిల్లను నేనే, పిన్నిగారూ."