పదిహేడో నంబరు నిద్రగన్నేరు

సాయిశంకర్‌కి మొదటి రోజే చిరాకెత్తింది.

కూర్మన్నపాలెం రోడ్డు పొడవునా ఉన్న నలభై రెండు చెట్లకీ ఎవరో నడుం ఎత్తున జానెడు వెడల్పు రంగుసుద్ద పట్టీలు పూసిపోయారు. వాటి మీద మేకు కొట్టి రేకు నంబర్లు. బంగారంలాంటి మానుల్ని పాడుచేశారని అక్కడే నిలబడి తిట్టుకున్నాడు.

వన్ టౌన్‌లో అతనికి పన్నెండేళ్లుగా స్టూడియో ఉంది. పాస్‌పోర్టు ఫొటోలు, పెళ్లిళ్లు, బారసాలలు. తనకు నచ్చినట్టు ఒక్క ఫొటో తీసుకుని ఎన్నేళ్లయిందో గుర్తు లేదు. అలాంటిది, ఈ రోడ్డు వెడల్పు చేస్తున్న ఆఫీసు నుంచి గురునాథరావు అనే సూపర్‌వైజరు పిలిపించి చెట్టుకో ఫొటో కావాలన్నాడు. నంబరూ పట్టీ స్పష్టంగా కనబడాలన్నాడు. వానలు పడేలోగా అయిపోవాలని రెండుసార్లు చెప్పాడు.

రోడ్డు వెడల్పంటే ఏమవుతుందో సాయిశంకర్‌కి తెలియనిదా? అన్నీ కొట్టేస్తారు. కొట్టే ముందు గుర్తుగా ఓ ఆల్బం. ఎలాగూ పోయే చెట్లు, ఫొటోల్లోనైనా నాలుగు కాలాలు బతకాలని పట్టుబట్టాడు. మేనమామ ఇచ్చిన పాత కెమెరా దుమ్ము దులిపాడు. ఎక్కడెక్కడో వెతికి నలుపు తెలుపు రీళ్లు తెప్పించాడు. చెట్టంటే బెరడు, కొమ్మల వంపు, నీడ. రంగు వచ్చిందంటే ఇవేవీ కనబడవని అతని నమ్మకం. ఆ కెమెరా పట్టుకున్నాడంటే వెలుగూ నీడా తప్ప అతని కంటికి ఇంకేదీ ఆనదు.

పని మాత్రం ఒక్క రోజూ సాఫీగా సాగలేదు. వెలుగు కుదిరిందనుకునేసరికి షిఫ్టు బస్సు వచ్చి అడ్డంగా ఆగేది. బస్సు కదిలితే లారీ. లారీ పోతే, 'మీరు ఏ పేపరు వాళ్లు?' అని అడిగేందుకు ఓ పెద్దమనిషి. మూడు రోజుల్లో పదహారు చెట్లయ్యాయి.

పదిహేడోది నిద్రగన్నేరు. సగం రోడ్డుకి నీడ పట్టే చెట్టు. దాని కింద అసిరమ్మ ఇరవై ఏళ్లుగా చేపలమ్ముతోంది. ఆ చెట్టు కోసం సాయిశంకర్ రెండు రోజుల నుంచి లోలోపల బాధపడుతున్నాడు. ఆవిడ ఏడుస్తూ ఉంటుందేమో, ఎలా ఓదార్చాలో అనుకుంటూ వెళ్లాడు.

ఆవిడ తలలో పూలు పెట్టుకుని, మెరిసే పచ్చచీర కట్టుకుని నవ్వుతూ ఎదురొచ్చింది. మాను ముందున్న బుట్టలన్నీ తనే పక్కకి జరిపింది. ఎవరిదో బండి అడ్డుగా ఉంటే తీయించింది. టీ కూడా తెప్పించింది. తర్వాత వెళ్లి, పట్టీ పక్కనే మాను మీద చెయ్యేసి నిలబడింది.

"ఆ పచ్చ బాగా పడాల బాబూ," అంది.

సాయిశంకర్‌కి ఒళ్లు మండింది. ఇన్నేళ్లు నీడనిచ్చిన చెట్టు నాలుగు రోజుల్లో నేలకూలబోతుంటే ఈవిడకి చీర రంగు కావాలి. ఇది రంగు రీలు కాదని చెప్పడానికి కూడా మనసొప్పలేదు.

"పడుతుందిలే. పక్కకి జరుగు."

"నాను లేకపోయినా పరవాలేదు. పచ్చ కనపడాల. ఒట్టేనా?"

"ఒట్టు," అన్నాడు విసురుగా. ఆవిడ దండం పెట్టి పక్కకి తప్పుకుంది.

పని పూర్తయిన మర్నాడే అల్పపీడనం. మూడు రోజులు ఎడతెరిపి లేకుండా కురిసింది. నాలుగో రోజు ఆల్బం తీసుకుని వెళ్తూ దారిలో చూశాడు. చెట్ల మీది సుద్దంతా కరిగి కారిపోయింది. మానులు నున్నగా, నల్లగా మెరుస్తున్నాయి. పీడ వదిలిందని సంతోషించాడు.

గురునాథరావు ఆల్బం మొదటి నుంచి చివరికీ, చివరి నుంచి మొదటికీ తిప్పాడు.

"అన్నీ ఒక్కలాగే ఉన్నాయి కదండీ," అన్నాడు.

"దీని అందమే అదండీ," అన్నాడు సాయిశంకర్.

"ఇంకో రకంగా తీసినవేవీ లేవా?"

ఒక్కటి కూడా లేదని సాయిశంకర్ గర్వంగా చెప్పాడు. ఆయన చాలాసేపు నుదురు రుద్దుకున్నాడు. ఇక గడువు లేదు, చేసేదేముందని గొణిగి ఆల్బం సొరుగులో పడేశాడు. బావుందన్న మాట లేదు. ఇలాంటి వాళ్లకా నేను కళ చూపించింది అనుకుంటూ సాయిశంకర్ బస్సెక్కాడు.

వారం తర్వాత, నిద్రగన్నేరు ఫొటోని ఫ్రేము కట్టించి తీసుకెళ్లాడు. తిట్టుకున్నా, ఒట్టు విషయంలో మనసు పీకుతూనే ఉంది. రోడ్డు పొడవునా ఒక్క చెట్టు లేదు. నలభై రెండు మొదళ్లు. పదిహేడో మొదలు పక్కన ఎండలో గొడుగేసుకుని అసిరమ్మ. చేపల మీద తడిగోనె కప్పి ఉంది.

ఫొటో ఆవిడ చేతిలో పెట్టి, చీర రంగు పడనందుకు ఏమీ అనుకోవద్దన్నాడు.

చీరేటి బాబూ అన్నట్టు చూసిందావిడ. అద్దం మీద తడి వేలితో, మాను నడుమునున్న బూడిదరంగు పట్టీని మెల్లగా తడిమింది.

"ఎర్ర పట్టీ ఏసినయ్యే కొడతాం, పచ్చేసినయి ఉంచుతాం, వానకి సెరిగిపోయినా ఫొటోలో సూసుకుంటాం అన్నారు, మరి ఇందులో నా సెట్టు పచ్చేది బాబూ?"