వెన్నలాంటి తెర

విశాఖ రేవులో క్రేన్లన్నీ ఇళ్ల నుంచే, ఆటల ల్యాప్‌టాప్‌ల మీదే నడిచే రోజులవి. తన పాత ల్యాప్‌టాప్ మొరాయించడంతో క్రేన్ నడిపే తవిటమ్మ దుకాణానికొచ్చి, రెండు కొత్తవాటికీ తన క్రేన్‌నే కలిపించి పక్కపక్కన పెట్టి చూసింది.

"ఎడమదాన్లో బొమ్మ వెన్నలా జారతాది సూడండమ్మా. నడుమ తెగిపోయిన బొమ్మల్ని అదే ఊహించి నింపేస్తాది," అన్నాడు కొట్టతను. కుడిది ఆగి ఆగి కదులుతోంది.

తవిటమ్మ కంటైనర్ దించసాగింది. ఎడమ తెరలో కింద నేల ఖాళీగా ఉంది. కుడి తెరలో అదే చోట ఓ కూలీ వంగి బూటు లేసు కట్టుకుంటున్నాడు.

ఆమె క్రేన్ ఆపేసింది.

"నాకు కుడిదే ఇచ్చెయ్ బాబూ."

కొట్టతని మొహం పాలిపోయింది. "పొద్దుట్నుంచి రేవోళ్లకి ఎడమ రకమే పదకొండు అమ్మేసినానమ్మా."