వానపాముల తీర్పు

పెట్టె మూత తీయగానే ఆఫీసరమ్మ ముఖం మాడిపోయింది.

"అయ్యో, ఇంత ఘోరమా!"

ఎదురుగా నిలబడ్డ కౌలు రైతు గుండెల్లో రాయి పడింది. నోట్లో నాలుక లేని మనిషి ఆవిడ. భర్త పోయాక ఆ చిన్న పొలం చెక్కే ఇద్దరు ఆడపిల్లలకీ ఇంత తిండి పెడుతోంది. ఈ పరీక్షలో మట్టి తప్పిందంటే కౌలు రద్దు. పైమట్టంతా గీకి పారేసి, అక్కడ సిమెంటు పోసి గోదాము కట్టేస్తారు. పొలం సొంతదారైన సహకార సంఘం వాళ్లు ఈపాటికే పొక్లెయిన్ తెచ్చి గట్టు మీద కాచుకు కూర్చున్నారు.

మట్టి పరీక్షాకేంద్రంలో పద్ధతి తేలికే. పెట్టెలో ఒక సగం రైతు మట్టి, రెండో సగం మంచి మట్టి. ఆ మంచి మట్టిని, పురుగు పట్టని గులాబీలు విరగబూసే కేంద్రం ఆవరణలోంచే తవ్వి తెస్తారు. నడిమధ్యన వానపాముల్ని వదిలి, రాత్రంతా మూత పెట్టి ఉంచుతారు. అవి రెండు వైపులా సమానంగా సర్దుకుంటే పొలం బాగున్నట్టు. ఒక వైపు వదిలేసి పారిపోతే అక్కడ పురుగుమందు విషం ఉన్నట్టు. ఏ సగం ఎవరిదో నింపిన అటెండరుకే తెలియాలి. చూసేవాళ్లకి పక్షపాతం ఉండకూడదు కదా మరి!

ఆఫీసరమ్మ వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క పొలమూ తప్పలేదు. ప్రతి పెట్టెలోనూ వానపాములు చెరిసగం. ఆవిడకి అదో గర్వం. ఊరు కూడా అద్దంలా ఉండేది. వాన పడినా కప్పల గోల లేదు. వీధి దీపాల చుట్టూ ఒక్క పురుగు తిరిగేది కాదు. జనం కిటికీలు బార్లా తెరుచుకుని హాయిగా నిద్రపోయేవారు.

ఇవాళ మాత్రం వానపాములన్నీ ఒకే వైపు, ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా ఉన్నాయి. రెండో సగంలో ఎంత కెలికినా ఒక్కటీ తగల్లేదు.

"ఏం కొట్టావమ్మా పొలంలో?"

"ఏమీ కొట్టలేదండీ. ఆయన పోయాక మందు డబ్బా మోసే ఓపిక లేక వదిలేశాను. కలుపు పెరిగిపోయింది, పురుగూ పుట్రా చేరింది. పక్క పొలాలవాళ్లు తిట్టిపోస్తున్నారు. దానివల్లే మట్టి చెడిందేమోనండీ."

"నాకు కథలు చెప్పకు. కళ్లెదురుగా కనిపిస్తుంటే ఇంకెవర్ని అడగాలి!"

"ఈ ఒక్క పంటా చేతికి రానివ్వండమ్మా. మీ కాళ్లు పట్టుకుంటాను."

ఆఫీసరమ్మకి జాలేసింది. నిజంగానే వేసింది. కానీ ఆ పొలంలో కాసిన కూరలు రేపు తన మనవరాలి కంచంలోకే వస్తాయి. మనసు రాయి చేసుకుని ఫోను తీసింది.

"మొదలుపెట్టండి. ఒక్క తట్ట మట్టి కూడా మిగలకూడదు."

ఫోన్లో అవతల పొక్లెయిన్ గుర్రుమన్న చప్పుడు గదంతా వినిపించింది.

టీ గ్లాసులతో లోపలికొచ్చిన అటెండరు పెట్టెలోకి తొంగిచూసి అక్కడే ఆగిపోయాడు.

"అదేంటి మేడమ్, వానపాములన్నీ ఈవిడ మట్టిలోకి పారిపోయి, ఇన్నాళ్లూ మనం మంచిదనుకున్న మన మట్టే ఇలా ఖాళీగా ఉండిపోయింది?"