వాడకంలో లేనివి

కంపెనీలో ప్రోగ్రాముల కోడ్ దాచే రిపోజిటరీలన్నిటినీ ఏఐ ఏజెంట్లకు జాబితాగా తీసి చూపే టూల్‌కి గౌరి వివరణ రాసింది. చివర్లో తనే ఓ వాక్యం చేర్చింది: "ఏడాదిగా ఎవరూ మార్చని రిపోజిటరీలు వాడకంలో లేనట్టే." రాసేటప్పుడు అది సబబుగానే తోచింది.

మర్నాడు ఉదయం ఏజెంటు నుంచి నివేదిక వచ్చింది. "మీ వివరణ ప్రకారం, వాడకంలో లేని నలభై రిపోజిటరీలనూ, వాటితో నడిచే సర్వీసులనూ నిన్ననే తీసేశాను."

తీసేసిన వాటి పేర్లు చదువుతూ గౌరి ఒకచోట ఆగింది. పడవలవాళ్ల ఫోన్లకు తుఫాను హెచ్చరికలు పంపే ప్రోగ్రాం అది. ఏ తప్పూ లేకుండా పనిచేస్తోంది కాబట్టే మూడేళ్లుగా దాన్నెవరూ ముట్టుకోలేదు.

కళింగపట్నంలో చేపలవేటకు వెళ్లే తండ్రి కూర్మయ్యకు ఫోన్ చేసింది.

"నాన్నా, ఎక్కడున్నావు?"

"సముద్రంలోనే ఉన్నానే. మాట సరిగ్గా ఇనపడ్డం నేదు, గాలి గట్టిగా కొడతన్నాది."

"తుఫానేమో నాన్నా! వెనక్కొచ్చెయ్!"

కూర్మయ్య నవ్వాడు. "తుఫానైతే ఫోన్లో సెప్తారు గదేటే? ఏటీ రానేదనే మనూరి పడవలన్నీ సంద్రం లోనకొచ్చీసినాయి."